రేనాల్డ్స్ ప్రైస్‌ను చదివే తీరు, పిమెంటో చీజ్ చేసే తీరు

నార్త్ కరోలినాలో ఏ సూపర్‌మార్కెట్‌కు వెళ్ళినా చీజ్ పెట్టే చల్లటి అరలో, నారింజ రంగు ముద్ద మధ్య ఎర్రటి ముక్కలు కనిపించే చిన్న ప్లాస్టిక్ డబ్బాలు ఉంటాయి. రాలీ, కేరీ, మోరిస్‌విల్, డర్హమ్ ఊళ్ళలో స్థిరపడిన మన తెలుగువాళ్ళలో చాలామంది పెరుగు డబ్బా కోసం అక్కడికి వచ్చి, దాన్ని చూసి, అదేమిటో తెలియక ముందుకు వెళ్ళిపోతారు. నేనూ కొన్నేళ్ళపాటు అలాగే వెళ్ళిపోయాను. దాని పేరు పిమెంటో చీజ్. తురిమిన చెడ్డార్ చీజ్, కాల్చి తొక్క తీసిన తియ్యటి ఎర్ర మిరపకాయ, మయొనీజ్ కలిపి చేసే ఈ ముద్దను రెండు బ్రెడ్డు ముక్కల మధ్య రాసుకుని తింటారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాలలో పుట్టి పెరిగినవారికి ఇది బడికి కట్టిచ్చిన మధ్యాహ్నపు తిండి, చర్చి విందులో తప్పనిసరి పదార్థం, చావు జరిగిన ఇంటికి ఇరుగుపొరుగు తెచ్చిపెట్టే పళ్ళెం.

నేను దాన్ని రుచి చూసింది ఒక నవలాకారుడి మాట మీద. రేనాల్డ్స్ ప్రైస్ 1933 ఫిబ్రవరి 1న ఈ రాష్ట్రంలోనే, వారెన్ కౌంటీలోని మేకన్ అనే చిన్న పల్లెలో పుట్టారు. అమెరికా రచయితలు తమ వంటలను చెప్పిన ఒక పుస్తకం 1981లో వచ్చినప్పుడు, ప్రైస్ దానికి పిమెంటో చీజ్ ఇచ్చారు. ఇతర పిల్లలకు వేరుశనగ వెన్న ఎలాంటిదో తన బాల్యానికి ఇది అలాంటిదని, దాన్ని అమ్మే ఇంట్లో చేసేదని, ఇది ఎక్కడ పుట్టిందో కనిపెట్టాలని చాలాకాలం ప్రయత్నించినా తనకు చేతకాలేదని ఆయన అందులో రాసుకున్నారు. మనలో ఎవరైనా ఆవకాయ గురించి రాస్తే ఏ గొంతుతో రాస్తారో, ఆ కొద్ది వాక్యాలలో నాకు అదే గొంతు వినిపించింది.

ఈ ముద్దను ఎలా చేయాలో, ఆయన నవలలను ఏ వరుసలో, ఏ తీరున చదవాలో కలిపి చెప్పడానికి నాకొక కారణం ఉంది. కలిపిన తర్వాత పిమెంటో చీజ్ కనీసం రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉండాలి. ప్రైస్ మొదటి నవలలోని మొదటి అధ్యాయాన్ని నిదానంగా చదవడానికి దాదాపు అంత సమయమే పడుతుంది. ఉదయం చేసిపెట్టి మధ్యాహ్నం దాకా చదివితే, చదువు ఆపే వేళకు తిండి సిద్ధంగా ఉంటుంది.

ముందుగా చీజ్ సంగతి. 450 గ్రాముల చెడ్డార్ తీసుకోండి. అమెరికాలో ఉన్నవారు ముద్ద మీద ‘షార్ప్’ అని గానీ ‘ఎక్స్‌ట్రా షార్ప్’ అని గానీ రాసి ఉన్నది చూసి కొనాలి; ఆ మాటకు అర్థం ఎక్కువ నెలలు మాగబెట్టినదని, అంటే పులుపూ ఘాటూ ఎక్కువగా ఉంటాయని. భారతదేశంలో ఉన్నవారు ప్రాసెస్ చేసిన చీజ్ బిళ్ళలతో దీన్ని చేయబోకండి, అవి తురుముతుంటేనే బంకలా అతుక్కుపోతాయి. మాగబెట్టిన అసలు చెడ్డార్ ఇప్పుడు పెద్ద ఊళ్ళలో దొరుకుతోంది. దాని నారింజ రంగు చూసి సందేహించవద్దు. ఆ రంగు వచ్చేది మన మన్యంలో పండించే జాఫ్రా గింజల నుంచే. శాకాహారులు మాత్రం డబ్బా వెనుక ఒకసారి చదవాలి, ఎందుకంటే కొన్ని చీజ్‌లలో పాలను విరగ్గొట్టడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. సూక్ష్మజీవుల నుంచి తయారుచేసిన రెన్నెట్ అని రాసి ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు.

తురిమి సంచులలో అమ్మే చీజ్‌ను తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. మొదటిసారి నేను చేసిన పొరపాటు అదే. తురుము ఒకదానికొకటి అంటుకోకుండా ఉండడానికి దానికి పిండి పూత పూస్తారు. ఆ పూత వల్ల మయొనీజ్ పట్టదు, ఎంత కలిపినా పోగులు పోగులుగానే ఉండి, నోట్లో సుద్దపొడిలా తగులుతుంది. ఆ రోజు గిన్నె మొత్తం పారబోయలేక నాలుగు రోజులు తిన్నాను. ముద్దను ఫ్రిజ్‌లో నుంచి అప్పుడే తీసి, చల్లగా ఉండగానే చేత్తో తురమండి. సగం పెద్ద రంధ్రాల వైపు, మిగతా సగం సన్న రంధ్రాల వైపు తురిమితే, సన్న తురుము కరిగి జిగురుగా అంతటినీ పట్టుకుంటుంది, పెద్ద తురుము పంటికి తగులుతుంది. చివరి ముక్క దగ్గరికి వచ్చేసరికి వేళ్ళ వేడికి చీజ్ మెత్తబడి చెమర్చి, తురుముపీట వెనక వైపు నూనె మెరుపుతో ఒక పొర కడుతుంది. దాన్ని గరిటె అంచుతో గీకి గిన్నెలో వేయండి, కడిగి పోగొట్టవద్దు.

తర్వాత మిరపకాయ. పిమెంటో అనేది కారం దాదాపు లేని, గుండె ఆకారంలో ఉండే, దళసరి కండ ఉన్న ఎర్ర మిరప. మొదట్లో ఇది స్పెయిన్ నుంచి డబ్బాలలో అమెరికాకు వచ్చేది. 1910ల నుంచి జార్జియా రాష్ట్రంలోని గ్రిఫిన్ చుట్టుపక్కల రైతులు దాన్ని పండించడం మొదలుపెట్టాక, కాల్చి తొక్క తీసే యంత్రాలు వచ్చి, చౌకై, దక్షిణాది ఇళ్ళన్నిటికీ చేరింది. అసలు పిమెంటో, చీజ్ కలిపి తినడం మొదలైంది ఉత్తరాదిలో, న్యూయార్క్ వైపు తయారైన క్రీమ్ చీజ్‌తో. దక్షిణాదివారు క్రీమ్ చీజ్ తీసేసి పల్లె దుకాణాలలో దొరికే గట్టి చీజ్, మయొనీజ్ పెట్టి దాన్ని తమదిగా చేసుకున్నారు. 113 గ్రాముల సీసా ఒకటి సరిపోతుంది. నీరు పూర్తిగా వంపేసి, ముక్కలను కాగితపు తువ్వాలు మీద పరిచి, పైన ఇంకొకటి వేసి అద్దాలి. ఈ తడి ఆర్చకపోతే మర్నాటికి గిన్నె అడుగున ఎర్రటి నీరు ఊరుతుంది.

సీసా దొరకని చోట రెండు పెద్ద ఎర్ర క్యాప్సికం కాయలు తీసుకుని, పచ్చడికి వంకాయ కాల్చినట్టే పొయ్యి మంట మీద పట్టకారుతో తిప్పుతూ తొక్క అంతా నల్లబడేదాకా కాల్చండి. గిన్నెలో వేసి పది నిమిషాలు మూత పెడితే ఆవిరికి తొక్క వదులవుతుంది. వేళ్ళతోనే తొక్క ఒలిచి, గింజలు తీయండి. కుళాయి కింద కడిగితే కాల్చిన రుచి నీళ్ళతోనే పోతుంది, కాబట్టి అక్కడక్కడ నల్లటి చుక్కలు మిగిలినా ఫరవాలేదు. బఠాణీ గింజంత ముక్కలుగా తరిగి, అర చెంచా వెనిగర్, చిటికెడు ఉప్పు కలిపి అరగంట ఉంచి, నీరు వంపి వాడుకోవాలి.

మయొనీజ్ ఇంట్లో చేసుకున్నదైతే మంచిదని ప్రైస్ అభిప్రాయం. ఒక గుడ్డు పచ్చసొన, ఒక చెంచా ఆవపిండి ముద్ద, ఒక పెద్ద చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు గిన్నెలో వేసి, 150 మిల్లీలీటర్ల పొద్దుతిరుగుడు నూనెను ఆపకుండా గిలకొడుతూ మొదట చుక్క చుక్కగా, చిక్కబడ్డాక సన్నటి ధారగా పోయాలి. తొందరపడి నూనె ఒక్కసారి పోస్తే విరిగిపోతుంది. అప్పుడు ఇంకొక పచ్చసొన కొత్త గిన్నెలో వేసి, విరిగినదాన్నే దానిలోకి కొద్దికొద్దిగా కలుపుకుంటూ రావాలి. పచ్చి గుడ్డు కాబట్టి పాశ్చరైజ్ చేసిన గుడ్లు వాడడం క్షేమం. కొనేదైతే తీపి లేనిది చూడండి. ఇక్కడివారు ఇష్టపడే ‘డ్యూక్స్’ మయొనీజ్‌లో చక్కెర ఉండదు. 1917లో సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్‌లో యుజీనియా డ్యూక్ అనే గృహిణి దగ్గరలోని సైనిక శిబిరంలోని జవానులకు శాండ్‌విచ్‌లు చేసి అమ్ముతూ మొదలుపెట్టినది అది. ఆమె అమ్మినవాటిలో పిమెంటో చీజ్ శాండ్‌విచ్ కూడా ఉండేది. ప్రైస్ చదివిన, జీవితాంతం పాఠం చెప్పిన డ్యూక్ విశ్వవిద్యాలయానికీ ఈమెకూ సంబంధం లేదు. ఆ పేరు పొగాకు వ్యాపారి కుటుంబానిది.

ఇక కలపడం. చీజ్ తురుమును ఇరవై నిమిషాలు బయట ఉంచి, చల్లదనం పోయాక పిమెంటో ముక్కలు, సన్నగా నూరిన ఒకటి లేదా రెండు వెల్లుల్లి రెబ్బలు, అప్పుడే దంచిన మిరియాల పొడి ధారాళంగా, ఉప్పు అతి కొద్దిగా వేసి ముందు పొడిగా కలపండి. మయొనీజ్ మూడు పెద్ద చెంచాలతో మొదలుపెట్టి, ఫోర్కుతో నొక్కుతూ కలుపుతూ, అవసరమైతేనే ఇంకొక చెంచా చేర్చండి. చెంచాతో తీస్తే జారకుండా నిలబడాలి, కానీ బ్రెడ్డు చిరగకుండా పరుచుకోవాలి. ఇష్టమైతే నాలుగు చుక్కల నిమ్మరసం పిండవచ్చు. మిక్సీలో తిప్పవద్దు, అన్నీ కలిసి ఒకే రంగు పేస్టు అయిపోతుంది. మన చేతికి అలవాటైన కారప్పొడి డబ్బా వైపు చూడవద్దని కూడా నా మనవి. గుంటూరు కారం వేస్తే చీజ్ పులుపూ మిరపకాయ తీపీ రెండూ దాని వెనక దాక్కుంటాయి. ప్రైస్ తన పద్ధతిలో ఘాటు సాస్ ఒక్క చుక్క వేయడానికి ఒప్పుకున్నారు గానీ, చీజ్ రుచిని కప్పేది ఏదీ ఉండకూడదని పట్టుబట్టారు. ఆయన గద్యం గురించి కూడా నేను అదే మాట చెబుతాను. పల్లె మనుషులు మాట్లాడుకునే మాటలే అందులో ఉంటాయి, వాటి మీద పూత ఏమీ ఉండదు.

గిన్నె మూసి ఫ్రిజ్‌లో పెట్టి, ‘ఎ లాంగ్ అండ్ హ్యాపీ లైఫ్’ తెరవండి. 1962లో వచ్చిన ఈ నవలతోనే ప్రైస్‌ను మొదలుపెట్టాలి. వచ్చిన ఏడాదే ‘హార్పర్స్’ పత్రిక దీన్ని మొత్తంగా ఒకే సంచికతో పాటు అచ్చువేసింది. తొలి నవలలకు ఫాక్నర్ ఫౌండేషన్ ఇచ్చే పురస్కారం కూడా దీనికి దక్కింది. అప్పటికి ఆయన వయసు 29. ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కాలేజీలో రోడ్స్ స్కాలర్‌గా, అంటే పేరున్న ఒక విద్యార్థి వేతనం మీద, ఆంగ్ల కవి మిల్టన్ గురించి పరిశోధన చేసి, 1958లో తిరిగి వచ్చి డ్యూక్‌లో అధ్యాపకుడిగా చేరిన మనిషి, నవలకు మాత్రం తన కౌంటీ లాంటి పల్లెలోని రోజాకోక్ మస్టియన్ అనే అమ్మాయిని ఎంచుకున్నారు. ఆమె ప్రేమించిన వెస్లీ బీవర్స్ ఎప్పుడూ ఆమె చేతికి పూర్తిగా అందడు. ప్రసవంలో చనిపోయిన నల్లజాతి స్నేహితురాలు మిల్డ్రెడ్ అంత్యక్రియలకు వాళ్ళు మోటార్‌సైకిల్ మీద వెళుతుండగా కథ మొదలవుతుంది.

ఆ మొదటి వాక్యం దాదాపు అర పేజీ సాగుతుంది. ఇంగ్లీషులోనే పుట్టి పెరిగిన పాఠకులు కూడా అక్కడ తడబడతారు. తెలుగు పాఠకులకు ఒక సౌలభ్యం ఉంది, దాన్ని వాడుకోండి. ఆ వాక్యంలో ముందు ఒరగడం, కార్ల వరుస మధ్యలోంచి దూసుకుపోవడం, కళ్ళద్దాలలోంచి సూటిగా ముందుకు చూడడం వరుసగా వస్తాయి. ఇవన్నీ చేస్తున్నది ఎవరో, వెస్లీ అనే పేరు, తర్వాత గానీ రాదు. మన వాక్యంలో ‘వంగుతూ, తప్పించుకుంటూ, చూస్తూ’ అని పనులన్నీ చెప్పి, చివరికి మనిషిని నిలబెట్టినట్టే. కాబట్టి మొదటిసారి అర్థం కోసం ఆగకుండా పైకి చదవండి. రెండోసారి పెన్సిలుతో మనుషుల పేర్ల కింద మాత్రమే గీత గీయండి. మూడోసారి చదివితే, శవపేటికను తీసుకువెళుతున్న ట్రక్కును కూడా వెస్లీ దాటిపోయినప్పుడు రోజాకోక్ అతని వీపుకేసి అన్న ఒకే ఒక్క మాట, వద్దు అని, ఆ పొడవాటి వాక్యం చివర ఎంత చిన్నగా ఉందో, ఎంత బరువుగా ఉందో తెలుస్తుంది. వెస్లీ ఎలాంటివాడో, ఆమె ఎంత సిగ్గుపడుతోందో, అయినా ఎందుకు దిగిపోలేకపోతోందో మొత్తం అందులో ఉన్నాయి. నవలంతా దాని విస్తరణే.

ఒక విషయం గమనిస్తూ చదవాలి. అది జాతి వివక్ష చట్టబద్ధంగా ఉన్న కాలం. రోజాకోక్, మిల్డ్రెడ్ కలిసి ఆడుకుని పెరిగారు, అయినా ఒకే చర్చిలో కూర్చోరు. ప్రైస్ దీనికి వ్యాఖ్యానం రాయరు; ఎవరు ఏ తలుపులోంచి వస్తారో, ఎవరు ఎవరిని ఎలా పిలుస్తారో చూపించి ఊరుకుంటారు. మన పల్లెల్లో ఊరికీ వాడకీ మధ్య దూరం ఎరిగినవారికి ఆ వివరాలు వెంటనే కళ్ళబడతాయి.

అధ్యాయం పూర్తయ్యేసరికి చీజ్ బిగిసి, వెల్లుల్లి పచ్చివాసన తగ్గి, మిరపకాయ తీపి దానిలోకి దిగి ఉంటుంది. ఇక్కడ చాలామంది తెల్లటి మెత్తని బ్రెడ్డుతో తింటారు. ప్రైస్ గరుకుగా ఉండే గోధుమ బ్రెడ్డును ఇష్టపడ్డారు, నాకూ అదే నచ్చింది. అంచుల దాకా మందంగా రాయండి. సెలరీ కాడలలో కూరి కూడా తినవచ్చు. మా ఇంట్లో జొన్నరొట్టె వేడిగా ఉన్నప్పుడు రాసి చూశాం. చీజ్ కరిగి నూనె తేలింది, ఆ ప్రయోగం మానేశాం.

మొదటి నవల ముగిశాక అదే కుటుంబం మీద వచ్చిన ‘ఎ జెనరస్ మ్యాన్’ (1966), ‘గుడ్ హార్ట్స్’ (1988) కోసం వెంటనే తొందరపడవద్దు. ముందు ‘కేట్ వైడెన్’ (1986) చదవండి. ఈ వ్యాసంలో నేను అన్నిటికంటే ఎక్కువ అడుగుతున్నది ఈ పుస్తకం చదవమనే. 57 ఏళ్ళ స్త్రీ తన కథ తానే చెబుతుంది. పదకొండేళ్ళప్పుడు తండ్రి తల్లిని చంపి తానూ చనిపోవడం, మేకన్‌లో పెద్దమ్మ ఇంట్లో పెరగడం, తనకు పుట్టిన కొడుకును వదిలేసి వెళ్ళిపోవడం, ఇన్నేళ్ళ తర్వాత అతన్ని వెతకాలనుకోవడం. ప్రైస్ తల్లి ఎలిజబెత్ చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని అక్క దగ్గర పెరిగిన మనిషి. కేట్ కథలోని ఘోరాలు ఆమెవి కావు, కానీ అనాథ అయిన ఆడపిల్ల లోపల ఏముంటుందో తెలుసుకోవాలన్న కొడుకు ఆరాటం ప్రతి పేజీలోనూ ఉంది. పిమెంటో చీజ్ చేసిపెట్టింది ఆ తల్లే అని గుర్తుపెట్టుకుని చదివితే, ఒక మగవాడు ఆడదాని గొంతులో అంత నమ్మకంగా ఎలా మాట్లాడగలిగాడో నాకు కొంత అర్థమైంది. కేట్ మనల్ని క్షమాపణ అడగదు. బిడ్డను వదిలిన తల్లి మీద తీర్పు చెప్పడానికి సిద్ధంగా కూర్చున్న పాఠకుడు సగం దాకా వచ్చేసరికి మౌనంగా వింటూ ఉంటాడు. దీనికి నేషనల్ బుక్ క్రిటిక్స్ సర్కిల్ పురస్కారం వచ్చింది.

ఈ నవల రాస్తుండగానే, 1984లో, ఆయన వెన్నుపాములో దాదాపు పది అంగుళాల పొడవున కణితి బయటపడింది. శస్త్రచికిత్స, రేడియేషన్ తర్వాత రెండు కాళ్ళూ పడిపోయి, మిగిలిన జీవితమంతా చక్రాల కుర్చీలోనే గడిచింది. నొప్పి తట్టుకోవడానికి నేర్చుకున్న హిప్నాసిస్ వల్ల మరుగునపడిన బాల్య జ్ఞాపకాలు ఒక్కసారిగా తెరుచుకున్నాయని, ‘క్లియర్ పిక్చర్స్’ (1989) అనే ఆత్మకథ అలా పుట్టిందని ఆయన చెప్పారు. కాబట్టి మూడో పుస్తకంగా దాన్ని చదవండి. సేల్స్‌మన్‌గా ఊళ్ళు మారిన తండ్రి విల్, తన పుట్టుక ప్రమాదంగా మారినప్పుడు భార్యాబిడ్డలు బతికితే తాగుడు మానేస్తానని ఆ తండ్రి దేవుడికి మొక్కుకోవడం, మేకన్ ఇంటి గదులు, ఆ ఇళ్ళలో పనిచేసిన నల్లజాతి మనుషుల పట్ల తన బాకీ అన్నీ అందులో ఉన్నాయి. జబ్బు గురించి రాసిన ‘ఎ హోల్ న్యూ లైఫ్’ (1994) చిన్నది. ఇంట్లో ఎవరైనా దీర్ఘకాలం మంచాన ఉన్నవారు దాన్ని ముందే చదివినా తప్పులేదు. ఆయన 2011 జనవరి 20న డర్హమ్‌లో మరణించేదాకా రాస్తూనే, డ్యూక్‌లో పాఠం చెబుతూనే ఉన్నారు. నవలాకారిణి ఆన్ టైలర్ ఆయన తొలి విద్యార్థులలో ఒకరు.

‘ది సర్ఫేస్ ఆఫ్ ఎర్త్’ (1975)తో మొదలయ్యే మూడు పెద్ద కుటుంబ నవలలను మాత్రం ఓపిక ఉన్నవారికే వదిలేస్తున్నాను. రోజాకోక్ మీద ఇష్టం పెరిగినవారికి, ఆమె ఆసుపత్రిలో తాతకు తోడుగా ఉన్న కథ 1963 నాటి తొలి కథల సంపుటిలో ఉంది.

మిగిలిన పిమెంటో చీజ్ నిల్వ గురించి. కొన్న మయొనీజ్‌తో చేసినది మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటుంది; ఇంట్లో చేసిన మయొనీజ్ అయితే మూడు నాలుగు రోజులలో తినేయాలి. ప్రతిసారీ పొడి చెంచానే వాడండి. ఫ్రీజర్‌లో పెడితే మయొనీజ్ విరిగి, కరిగాక నీరుగారుతుంది. ఈ రాష్ట్రంలో ఉన్నవారు కేరీ నుంచి గంటన్నర లోపు కారులో మేకన్ చేరుకోవచ్చు. నవల మొదలయ్యే జూలై నెలలో వెళితే ఆ ఎర్రమట్టీ, పైన్ చెట్ల నీడా పుస్తకంలో ఉన్నట్టే కనిపిస్తాయి. శాండ్‌విచ్‌లు కట్టుకుని వెళ్ళండి, కానీ ఆ ఎండలో గంటకు మించి బయట ఉంచకూడదు కాబట్టి, మంచు గడ్డలు వేసిన పెట్టెలో, ఒక్కొక్కటీ మైనపు కాగితంలో చుట్టి పెట్టండి.